ఉతుకుడు బండ ఉన్న ఇల్లు

కర్నూలు,
8 నవంబరు 1953

మామకు మహాదేవమ్మ నమస్కారాలు.

మీ కార్డు చేరింది. జొన్న చేను బాగుందని రాసినారు గానీ మీ మోకాలు ఎట్లుందో రాయలేదు. ఈసారన్నా రాయండి.

మీ అబ్బాయికి బంట్రోతు పని వచ్చిందని ఊరంతా సంతోషపడింది. ఇక్కడికొచ్చి చూస్తే ఊరు రాజధాని అయినప్పటి నుంచి మనిషికి నిలబడే జాగా లేదు. ఆఫీసులే గుడారాల్లో నడుస్తున్నాయి. ఆయన ఒక గుడారం నుంచి ఇంకో గుడారానికి కాగితాల కట్టలు మోసి, దుమ్ము కొట్టుకుని ఇంటికొస్తున్నారు. ఊళ్లోవాళ్లు పశువుల కొట్టాలకు సున్నం కొట్టి అద్దెకిస్తున్నారు. మేమున్నది అట్లాంటిదే. గోడకు పశువుల మేత గాడి ఇంకా ఉంది. అందులో గిన్నెలు పెట్టుకుంటున్నాను.

తాగడానికి ఉప్పునీళ్లు. గుడ్డలకైతే తుంగభద్రకే పోవాలి. తడి మూట నెత్తిన పెట్టుకుని మెట్లెక్కి రావాలి. ఇక మీద మూట ఎత్తొద్దు, ఏటి మెట్లు దిగొద్దని ఆసుపత్రి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఎందుకో, అత్త బతికి ఉంటే ఆమె చెవిలో చెప్పేదాన్ని. మా అమ్మ పోయినాక నన్ను పెంచింది ఆమే కదా. మీకు రాయడానికి చెయ్యి రావడం లేదు.

పాతూరులో ఒక ఇల్లు చూసినాను. ఇల్లంటే ఇంట్లో సగం. రెండు అర్రలు, వెనక చేదబావి, బావి పక్కనే ఉతుకుడు బండ, నీళ్లు పోవడానికి తూము. అంతా ఇంటి గోడల లోపలే. తలుపేసుకుంటే ఏం ఉతుక్కున్నా ఎవరూ చూడరు. ఆ బండ చూసినాక ఇంక ఏ ఇల్లూ కంటికి ఆనడం లేదు.

ఇంటామె పేరు ఏసుమణమ్మ. మిషను ఆసుపత్రిలో శానా ఏండ్లు కాన్పులు చేసి ఇప్పుడు ఇంటి పట్టున ఉంటోంది. నన్ను కిందా మీదా చూసి, "నీకు బండ ఎందుకు కావల్నో నాకు ఎరికలే పాపా" అని నవ్వింది. ఇస్తానంది గానీ ఒక మెలిక పెట్టింది. "పడుచోళ్లకిస్తే వారానికల్లా ఆఫీసోళ్లు పదిమంది నా పంచలో చాపలేసి పండుకుంటారు. మీ ఇంటి పెద్దాయన వచ్చి, పరాయోళ్లను పెట్టం అని నోటితో చెప్పల్ల. అట్లయితేనే తాళం" అంది.

మామా, మీరు ఒక్క దినం వచ్చి ఆ మాట చెప్పి పోతే చాలు.

ఇట్లు,
మీ కోడలు, మేనకోడలు కూడా,
మహాదేవమ్మ


కుర్రగుంట, ఆలూరు తాలూకా
15 నవంబరు 1953

మహాదేవమ్మకు మామ గిడ్డయ్య రాసేది.

జాబు అందింది. మోకాలు ఉండాల్సినట్టే ఉంది. జొన్న పొట్ట మీద ఉంది, కంకి బయట పడలేదు. పిట్టలు ఇంకా దిగలేదు.

ఇంటి సంగతి చదివినాను. మళ్లీ చదివినాను. ఒకటి అర్థం కాలేదు. ఇంట్లో తలుపేసుకుని ఉతుక్కునే గతి మీకేమొచ్చింది? అక్కడ చాకలి లేడా?

మన ఊళ్లో ఇంటి లోపల ఉతుకుడు బండ ఉండింది ఒక్క పెద్దన్న ఇంట్లోనే. అది కూడా ఆయనను కులంలో నుంచి వెలేసినప్పుడు. చాకలి గుడ్డలు తీసుకోకూడదు, మంగలి గడ్డం గీయకూడదు, ఎవరూ ఆ ఇంట నీళ్లు తాగకూడదు అన్నారు. పాపం, ఆయన భార్య తలుపేసుకుని ఉతికేది. ఆ చప్పుడు వీధిలోకి వినపడేది. నువ్వప్పుడు చిన్నపిల్లవు.

కర్నూల్లో మన కులంవాళ్లు ఉన్నారు కదా. మీ ఇంటికి వస్తున్నారా? వస్తే నీళ్లు తాగుతున్నారా? కంబన్న ఎట్లున్నాడు? ఎవరితోనన్నా మాటా మాటా వచ్చిందా? వాడు నా కొడుకే గానీ నాకు జాబు రాయడు. నువ్వే చెప్పాలి.

రావడం సంగతి తరువాత రాస్తాను. నాకు ఎక్కువ రాయడం చేతకాదు.

గిడ్డయ్య


కర్నూలు,
21 నవంబరు 1953

మామకు నమస్కారాలు.

అన్నీ వరసగా చెబుతాను.

చాకలి ఉన్నాడు గానీ మా గడప తొక్కడు. పెద్ద ఆఫీసర్ల గుడ్డలకే పొద్దు చాలడం లేదంటాడు. మన తిమ్మయ్య మాదిరి కళ్లంలో గింజలు తీసుకుని ఏడాదంతా ఇంటికొచ్చే చాకలి ఇక్కడ ఎవరికీ లేడు.

మనవాళ్లలో బొజ్జన్న చిన్నాయన మొదట్లో వచ్చేవాడు. ఇప్పుడు రావడం మానేసినాడు. వస్తే కూర్చోడానికి జాగా ఏది? నీళ్లంటారా, ఎవరూ తాగరు. చెంబు ఇస్తే వద్దులే అని చేత్తో అడ్డం పెడతారు. నేను కూడా ఇవ్వడం మానేసినాను.

మీ అబ్బాయికి ఎవరితోనూ గొడవ లేదు. గడ్డం మాత్రం తీయడం లేదు. తల కూడా పెరిగింది. ఆఫీసులో "ఏం స్వామీ, ఏ కొండకు పోతాండావు?" అని ఎగతాళి చేస్తున్నారట. ఎందుకు తీయడం లేదో మీకు వేరే చెప్పాలా మామా? ఇంతకంటే విడమరిచి నేను రాయలేను. "గడ్డం మాట రాయి, మా నాయనకు అర్థమైతాది" అని ఆయనే అన్నారు.

పెద్దన్న తాత ఇంట్లో బండ నాకు బాగా గుర్తుంది. నున్నగా ఉండేది. ఎండాకాలం దాని మీద బోర్లా పడుకునేవాళ్లం. వెలి సంగతి మాకేం తెలుసు! ఏసుమణమ్మ ఇంట్లోది దానికంటే పెద్దది.

ఆమె నిన్న మళ్లీ అడిగింది. "మీ మామ ఆలూరు నుంచి పాకుతా వస్తాండాడా ఏమి?" అంది. మద్రాసు నుంచి వచ్చిన గుమాస్తా ఒకాయన రోజూ పోయి ఆమె గడప మీద నిలబడుతున్నాడు. క్రిస్మస్‌కు ముందే ఎవరికో ఒకరికి ఇచ్చేస్తానంది. దాని వెనకే మనకు పుష్యమాసం, ఇల్లు మారకూడదు. కాబట్టి త్వరగా రండి. మీకు ఇష్టమని ఉలవచారు కాస్తాను.

మహాదేవమ్మ


కుర్రగుంట,
30 నవంబరు 1953

మహాదేవమ్మకు.

జాబు చదివినాను. గడ్డం మాట రాసినావే, అక్కడే అంతా అర్థమైంది.

మనసు గట్టి చేసుకో. ఇట్లాంటిది ఇంటింటా రాదు. వచ్చినవాళ్లు బతకలేదా? అన్నం మానొద్దు. కంబన్నను ఏమీ అనొద్దు. తప్పు వాడిదో మందిదో నాకు తెలియదు.

ఆ క్రైస్తవమ్మ ఇల్లయినా మంచిదే. ఇంకెవరూ ఇవ్వనప్పుడు ఏం చేస్తారు?

నేను ఇప్పుడు రాను. వస్తే మీ ఇంట నీళ్లు తాగాలి, అన్నం తినాలి. అది ఇప్పుడు కుదరదు. నేను దూరంగా ఉంటేనే మీకు మంచిది. ఎందుకో తరువాత చెబుతాను. మన కులపెద్ద అయ్యన్నతో మాట్లాడాలి. ఆయన ఇంటి దాకా పోతున్నాను, వాకిట్లో మనుషులుంటే తిరిగి వస్తున్నాను.

ఇంట్లో కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు. చేనికి పోతే నిలబడబుద్ధి కాదు. బుధవారం ఆలూరు దాకా నడిచి పోయినాను. కర్నూలు బస్సు నిలబడి ఉంది. దాన్ని చూసి మళ్లీ నడిచి వచ్చినాను.

గిడ్డయ్య


కర్నూలు,
6 డిసెంబరు 1953

మామకు.

మీ జాబు ఆయనకు చూపించలేదు.

అర్థమైందని రాసినారు. అర్థమయ్యి కూడా రానన్నారు. ఇట్లాంటిది ఇంటింటా రాదన్నారు. మామా, ఇది ఇంటింటా వచ్చేదే. మాకే పెళ్లయిన ఇన్నేండ్లకు వచ్చింది. దీనికి మనసు గట్టి చేసుకో అని మీరంటే నేను ఏమనుకోవాలి? తప్పు ఎవరిదో తెలియదంటే ఏమనుకోవాలి? అత్త ఉంటే ఊరంతా బెల్లం పంచేది.

నీళ్లు తాగడం కుదరదన్నారు. ఏసుమణమ్మ బావి అనే కదా? ఆమె నన్ను చూసినప్పుడల్లా "తిన్న్యావా? నిద్ర పడతాందా?" అని అడుగుతోంది. సొంతవాళ్లు ఆ మాట అడగలేదు. మిమ్మల్ని నేను అట్లాంటి మనిషి అనుకోలేదు.

మీరు ఇంకా ఎందుకు రాలేదని ఊరికే అడిగితే మీ అబ్బాయి నవ్వినారు. "మా నాయన దూడను అమ్మల్లన్నా రెండు సంతలు ఊరికే తిరిగొస్తాడు. వస్తాడులే" అన్నారు. "ఆయన వచ్చేలోపల ఆ గుమాస్తా పెట్టె దింపుతాడు" అన్నాను. ఆయన వచ్చి మిమ్మల్ని తీసుకురావాలంటే సెలవు లేదు. తెల్లారేలోపల తనే మూట తీసుకుని ఏటికి పోతానంటే నేనే వద్దన్నాను. మగవాళ్లు ఏట్లో ఆడగుడ్డలు ఉతికితే పదిమంది నవ్వుతారు.

అందుకని నేనే పోతున్నాను. డాక్టరమ్మ చెప్పింది మరిచిపోలేదు. మెట్టు మెట్టుకూ నిలబడి పోతున్నాను. కట్టుకోవడానికి గుడ్డ కావాలి కదా.

మీ మోకాలు జాగ్రత్త.

మహాదేవమ్మ


కుర్రగుంట,
12 డిసెంబరు 1953

మహాదేవమ్మకు మామ రాసేది.

నీ జాబు చదివినాను. నీకు కోపం వచ్చింది. నేనేం తప్పు రాసినానో ఎంత వెతికినా కనపడలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తాను.

అయ్యన్నతో మాట్లాడినాను. నలుగురిలోనే మాట్లాడాల్సి వచ్చింది.

"నా కొడుకును వెలేసినారు. దండుగ ఎంతైనా కడతా. మల్లా కులంలో కలుపుకోండి" అన్నాను.

"ఏమప్పా గిడ్డయ్యా, ఎవురు ఏసింది?" అన్నాడు.

"కర్నూలోళ్లు ఏసింటారు."

"ఏం తప్పుకు?"

"తెల్దు."

"తప్పు తెల్దు, ఏసినోళ్లు తెల్దు, దండుగ కడతానని నడుము వంచుకోని వస్తివి. నీ అట్లా మనిషిని నేను యాడా చూల్యా" అన్నాడు. అందరూ నవ్వినారు. నవ్వి ఊరుకోలేదు. మాట ఊరంతా పాకింది. ఇప్పుడు మన తిమ్మయ్య గుడ్డలకు రావడం లేదు. పోయి అడిగితే, "పెద్దోళ్లు ఏదో ఒగటి తేల్చనీ మామా. నాకెందుకొచ్చిన తంటా" అంటాడు. మాసిన పంచెతోనే తిరుగుతున్నాను.

నేను రానన్నది అందుకే. వెలేసిన ఇంట నేను నీళ్లు తాగితే నన్ను కూడా వెలేస్తారు. అప్పుడు మీ తరఫున పెద్దల ముందర నిలబడి అడగడానికి ఎవరుంటారు? ఆమె బావి అని కాదు. మతం మాట నా మనసులో లేదు.

చాకలి రాడన్నావు. నీళ్లు తాగరన్నావు. కంబన్న గడ్డం మంగలి గీయడం లేదన్నావు. ఇంక ఏం మిగిలింది? ఎవరు వెలేసినారో, ఎందుకు వేసినారో చెప్పు. ఎంత తప్పైనా నేను తిట్టను. నాకు ఉన్నది మీరిద్దరే.

గిడ్డయ్య


కర్నూలు, ఆడవాళ్ల వార్డు
16 డిసెంబరు 1953

మామా,

మీ జాబు ఆయన ఆసుపత్రికి తెచ్చిచ్చినారు. పడుకునే రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదవండి.

చదివి మొదట నవ్వొచ్చింది. "నవ్వొద్దు, కడుపు కదుల్తాది" అని నర్సమ్మ కసిరింది. తరువాత ఏడుపొచ్చింది. దానికీ కసిరింది.

మమ్మల్ని ఎవరూ వెలేయలేదు. నేను కడుపుతో ఉన్నాను.

రాసేసినాను. ఇంక సిగ్గుపడడానికి ఏమీ మిగల్లేదు. భార్య కడుపుతో ఉంటే మగవాళ్లు కత్తి ముట్టరు కదా, అందుకే ఆయన గడ్డం తీయడం లేదు. మంగలి గీయడం లేదని నేను ఎప్పుడు రాసినాను? మూట మోయకూడదు కాబట్టే ఉతుకుడు బండ ఉన్న ఇల్లు అడిగినాను. మా ఇంట నీళ్లు ఉప్పన కాబట్టే ఎవరూ తాగరు. గడ్డం మాట రాస్తే మీకు తెలిసిపోతుందనుకున్నాను. తెలిసే రానన్నారనుకుని మొన్నటి జాబులో అట్లా రాసినాను. అది చించేయండి.

శనివారం ఏటి మెట్ల మీద జారినాను. పడలేదు, మూటతో సహా కూర్చుండిపోయినాను. లేచేసరికి చీరకు నెత్తురు కనపడింది. ఎవరో జట్కా బండిలో తెచ్చి ఇక్కడ వేసినారు. బిడ్డ ఉందని డాక్టరమ్మ అంటోంది. ఉంటుందా అని అడిగితే మాత్రం, "కాలు కింద పెట్టొద్దు, చూద్దాం" అంటోంది. "యింటికి పోయినా మల్లా యేటికి పోతావంటే నేను పంపను. ఈడనే ఉండు" అని కూడా చెప్పింది. ఈ వార్డులో మంచాలు చాలక నేల మీద కూడా పడుకున్నారు. ఎన్నాళ్లు ఉండనిస్తారు?

ఏసుమణమ్మ వచ్చి చూసి పోయింది. తలుపు దగ్గర నిలబడి కళ్లు తుడుచుకుంది గానీ, గుమాస్తాకు సోమవారం తాళం ఇస్తానని మాటిచ్చినానంది.

రెండుసార్లు రమ్మని రాసినాను. మూడోసారి రాయను. మీకు తోచినట్టు చేయండి.

మహాదేవమ్మ


కర్నూలు ఆసుపత్రి, బయటి వరండా
22 డిసెంబరు 1953

అమ్మీ మాదేవీ,

వచ్చినాను. ఆడవాళ్ల వార్డులోకి మగవాళ్లను రానివ్వరట. నర్సమ్మ ఈ చీటీ ఇస్తానంది. కంబన్న పెన్సిలు ఇచ్చి ఆఫీసుకు పోయినాడు.

జాబు శనివారం అందింది. చదివి లేచి నిలబడినాను. మళ్లీ కూర్చోలేదు. ఆలూరు పోయినాను. ఈసారి బస్సు ఎక్కినాను.

నిన్న పొద్దున పాతూరులో ఇల్లు కనుక్కుని తలుపు కొట్టినాను. "ఎవురు కావల్లప్పా?" అని ఏసుమణమ్మ అడిగింది. దారి పొడుగునా అనుకున్న మాట ఒకటీ నోటికి రాలేదు. చూస్తే వాకిట్లో గుమాస్తా పెట్టె, చాప చుట్ట దింపి ఉన్నాయి. ఆమె పక్కగా లోపలికి పోయి బండ మీద కూర్చున్నాను.

"ఏమప్పా, ఆడ కూసుంటివి? ఎవురు నువ్వు?"

"ఈ బండ నా కోడలిది" అన్నాను.

"ఎవురు నీ కోడలు?"

"మాదేవమ్మ."

"ఓయప్పా! ఆ పెద్దాయనవి నువ్వేనా? ఇన్నాళ్లూ యాడ ఉంటివి? నా బావి నీళ్లు తాగనంటివంట?"

చేద అందుకుని తోడి తాగినాను. మంచి నీళ్లు.

గుమాస్తా వచ్చి, "పెద్దాయనా, లేవండి. నేను దిగాలి. నాకు మాటిచ్చారు" అన్నాడు. మంచివాడే. పాపం ఆయన కూడా గుడారంలో పడుకుంటున్నాడట. నేను లేవలేదు. ఆయన ఆఫీసుకు పోయి తిరిగొచ్చినా నేను ఆ బండ మీదనే ఉన్నాను. అప్పుడు ఏసుమణమ్మే, "అయ్యా, నువ్వు యాడన్నా పండుకోగల్వు. ఆ కడుపుతో ఉండే పిల్ల యాడ పండుకుంటాది?" అంది. ఆయన నన్ను చూసి, పెట్టె భుజానికెత్తుకున్నాడు. గడప దాటుతూ, "మీ మామగారు మాట్లాడరు గానీ గట్టివారమ్మా" అన్నాడు. ఆమెను నా కోడలనుకున్నాడు. ఆమె నవ్వలేక చచ్చింది.

తరువాత నా ముందర నిలబడి, "పరాయోళ్లను తెచ్చి పండబెట్టవు కదా?" అని అడిగింది.

"పెట్టను."

"ఈ ఒక్క మాట చెప్పేదానికి ఇన్ని దినాలు పట్టెనా నీకు?" అని తాళం చేతిలో పెట్టింది.

సాయంత్రం కంబన్నా నేనూ సామాను చేర్చినాము. నా పంచె తిమ్మయ్య పుణ్యాన మట్టి కొట్టుకుపోయి ఉంది. బండ ఉంది, నీళ్లు ఉన్నాయి. పొద్దున లేచి ఉతికినాను. ఎన్నడూ ఉతికినోణ్ని కాదు. ఏసుమణమ్మ చూసి, "పంచెను కొడతాండావా, పామును కొడతాండావా?" అంది. మూలన నీ మూట కనపడింది. ఏటి నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది. అది కూడా విప్పి ఉతికినాను. తలుపు వేయలేదు. నవ్వేవాళ్లు నవ్వనీ. చీర ఒకటి ఆరింది. నర్సమ్మకు ఇచ్చి పంపుతున్నాను.

వెలి లేదు, నాకు తెలివి లేదు అని అయ్యన్నకు కార్డు రాసినాను. జొన్న చేను ఆయనే చూసుకోవాలి. నన్ను చూసి నవ్వినందుకు పిట్టలు తోలడం కూడా ఆయన పనే. బిడ్డ భూమి మీద పడేదాకా నేను ఇక్కడే ఉంటాను.

ఒకటి అడగాలి. నీ ముఖం చూసి అడగలేను. ఎప్పటికి అని చెప్పినారు? ఈ చీటీ వెనక రాసి పంపు.

మామ


(చీటీ వెనక)

మామా,

ఉగాది దాటినాక అని చెప్పింది. నెత్తురు నిలిచింది. ఈ పొద్దు డాక్టరమ్మ చెయ్యి పెట్టి చూసి, "ఇంక భయం లేదు, యింట్లో బండ ఉండాదంటే పుష్యానికి ముందే పంపుతా" అంది. బిడ్డ కదులుతోంది.

మీరు పంపిన చీర కట్టుకున్నాను. సబ్బు పోలేదు, ఒళ్లంతా జిల పుడుతోంది. రేపటి చీర ఇంకో రెండు చేదల నీళ్లు పోసి బాగా జాడించండి.

మహాదేవి